నాటిన దంతము ఏల నిలువదు?

తెలుగు బోధించు మాకు దంతవైద్యముతో పని యేమి యని పాఠకులు అడుగవచ్చును. పని కలదు. వర్ణముల ఉత్పత్తి స్థానములను చెప్పునపుడు త, థ, ద, ధ, న, ల, స లు దంత్యములని ప్రతి సంవత్సరము మొదటి తరగతిలో చెప్పుదుము. చల్ల, చాప, జల్లెడ అను మాటలలోని చ, జ లు దంత్యములనియు, చెలి, జింక అను మాటలలోనివి తాలవ్యములనియు వేరుచేసి పలికింతుము. ముందు పన్ను లేని ఉపాధ్యాయుడు ఈ పాఠము చెప్పుట ఎంత కష్టమో, సకారము బహుళముగా గల ఉర్దూ పద్యము చదువుట అంతకంటె ఎక్కువ కష్టము. ఈ సంగతిని మా ఉర్దూ శాఖలోని పెద్దలొకరి విషయమున చూచితిమి.

వారికి పై వరుసలో ముందు పన్ను ఒకటి, క్రింది వరుసలో దవడ పన్ను ఒకటి లేకుండెను. రెండు తావులందును ఒకే వైద్యుడు, ఒకే నెలలో, ఒకే రకపు టైటానియం మరలను దవడ ఎముకలో నాటెను. క్రిందిది నిలిచినది. పైది మాత్రము, నాలుగవ నెలలో తొడుగు వేయించుకొనుటకు వెళ్ళిన దినమున, వేలితో ముట్టగనే కదలినది. వైద్యుడు దానిని కష్టము లేకుండ బయటికి తీసివైచెను. అధ్యాపకుల గదిలో దీనిపై పెద్ద చర్చ నడచినది. సరకు నకిలీదని ఒకరు, వైద్యునికి చేయి తిరుగలేదని మరొకరు, అంతయు నసీబు అని ఇంకొకరు అనిరి. సరకు ఒక్కటే, చేయి ఒక్కటే, నోరును ఒక్కటే. అయినను ఒకటి నిలిచి ఒకటి ఏల పోయెనను ప్రశ్నకు ఆ దినమున ఎవ్వరును సమాధానము చెప్పలేకపోయిరి. ఆ ప్రశ్న వెంటబడి మేము చదివినదియు, దంతవైద్యులను అడిగి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాము. మా విద్యార్థుల తల్లిదండ్రులలోను తాతలలోను ఈ చికిత్సకై నెలల జీతమును, పింఛను సొమ్మును వెచ్చించువారు నేడు పెక్కుమంది కలరు గనుక ఇది కళాశాల పత్రికకు పరాయి విషయము కాదని మా అభిప్రాయము.

పోయిన పంటికి బదులుగా పెట్టుకొను వానిని తెలుగువారు కట్టుడు పండ్లందురు. కట్టుట యనగా వెలుపలినుండి చేర్చి బిగించుట. కట్టినదానిని విప్పవచ్చును, రాత్రి తీసి నీటిగిన్నెలో పెట్టవచ్చును. ఇప్పుడు చెప్పుకొనునది అట్టిది కాదు. ఇంప్లాంటు అను ఆంగ్లపదమునకు మూలమున నాటుట యనియే అర్థము. వరినాటుకు మనము వాడు ఈ మాట ఇక్కడ చక్కగా ఒప్పును. నారు మంచిదైనంత మాత్రమున పైరు నిలువదు. మడి ఎట్టిది, అదను ఎట్టిది, నాటిన చేయి ఎట్టిది, నాటిన పిదప నీరు పెట్టినవాడెవడు అనునవన్నియు లెక్కకు వచ్చును. ఊడ్చిన మొక్క మొదట కొన్నాళ్ళు వాడి పసుపుబారి, తర్వాత క్రొత్త వేళ్ళు తొడిగి పచ్చబడును. దీనినే మా ప్రాంతపు రైతులు మూన తిరుగుట యందురు. ఆ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము, ముందు పనికివచ్చును.

నాటు దంతములో మూడు భాగములు కలవు. ఎముకలో దిగు టైటానియం మర మొదటిది. అది సాధారణముగా 8 మొదలు 14 మిల్లీమీటర్ల పొడవును, 4 మిల్లీమీటర్లకు అటునిటుగా మందమును కలిగియుండును. దానిపై నిలిచి, చిగురు గుండ నోటిలోనికి వచ్చు చిన్న కంబము రెండవది. ఆ కంబమునకు ఎక్కించు పంటి ఆకారపు తొడుగు మూడవది. అద్దములో మనకు కనబడునది ఈ మూడవది మాత్రమే. తొడుగు విరిగినచో మార్చవచ్చును. కంబము వదులైనచో మరల బిగింపవచ్చును. ఇవి చిక్కులే కాని వైఫల్యములు కావు. మర ఎముకను వదలుట, లేక ఎముక మరను వదలి క్రిందికి తరిగిపోవుట, ఇదియే వైఫల్యము. ఆల్‌బ్రెక్ట్‌సన్ మొదలగు శాస్త్రజ్ఞులు 1986లో దీనికొక కొలబద్దను ఏర్పరచిరి. నాటిన మర కదలరాదు. నొప్పి, చీము, తిమ్మిరి ఉండరాదు. ఎక్స్‌రేలో దాని చుట్టు నల్లని గీత కనబడరాదు. మొదటి సంవత్సరము గడచిన పిదప ఏటేట ఎముక తరుగుదల 0.2 మిల్లీమీటరునకు లోబడి యుండవలెను. అట్లున్నప్పుడే అది సఫలమైనదని వారు నిర్ణయించిరి. నోటిలో ఉన్నదంతయు సఫలమైనది కాదని దీనివలన తెలియుచున్నది.

పోయిన పంటి తావున వేరొకదానిని నిలుపవలెనను కోరిక మానవునకు ఎంత పాతదో చెప్పుటకు రెండు నిదర్శనములు చాలును. మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమున 1931లో త్రవ్వకములందు మాయా జాతికి చెందిన క్రింది దవడ ముక్క ఒకటి దొరికెను. అది క్రీస్తుశకము 600 ప్రాంతమునాటిది. అందులో మూడు ముందు పండ్ల తావున ఆలిచిప్ప ముక్కలను పంటి ఆకారముగా చెక్కి గ్రుచ్చియుండిరి. 1970లో ఎక్స్‌రే తీసి చూడగా, ఆ చిప్పల చుట్టు ఎముక పెరిగియుండుట కనబడినది. అనగా వానిని బ్రతికియున్న మనిషి నోటనే నాటియుండిరన్నమాట. ఇక రెండవది, స్పెయిన్ దేశమున కార్డోబా ప్రాంతమువాడైన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ (936–1013) వ్రాసిన ‘అల్ తస్రీఫ్’ అను వైద్య గ్రంథము. ఎద్దు ఎముకను పంటివలె చెక్కి ప్రక్క పండ్లకు బంగారు తీగెతో కట్టు విధానమును ఆయన వర్ణించెను. ఇది కట్టుడు పన్నే కాని నాటు పన్ను కాదు. అయినను అదే గ్రంథమున పండ్లపై పేరుకొను గారను గీకి తీయుటకు వివిధములైన పనిముట్లను బొమ్మలతో సహా చూపి, గార వలన చిగుళ్ళు చెడునని ఆయన హెచ్చరించెను. నాటు దంతమును దీర్ఘకాలమున చెరుపు ప్రధాన శత్రువు ఈ గారయే యని వేయి సంవత్సరముల తర్వాతి వైద్యులును చెప్పుచున్నారు.

ఇరువదవ శతాబ్దిలో చాల లోహములను ప్రయత్నించిరి. అమెరికాలోని బోస్టన్ నగరమున స్ట్రాక్ అను వైద్యుడు 1930ల చివర విటాలియం అను మిశ్రలోహముతో చేసిన మరలను నాటెను. 1960లలో పలుచని రేకుల వంటి వానిని ఎముకలో దించు పద్ధతి వ్యాప్తికి వచ్చినది. వీనిలో కొన్ని చాలకాలము నిలిచినవి గాని, ఎక్కువ భాగమునకు ఒకే గతి పట్టినది. లోహమునకును ఎముకకును నడుమ మెత్తని నారపొర ఒకటి ఏర్పడెడిది. ఆ పొర మీద లోహము నమలినప్పుడెల్ల ఊగెడిది. ఊగినకొలది పొర దళసరి యయ్యెడిది. క్రమముగా చీము చేరి అంతయు వదులయ్యెడిది. శరీరము ముల్లును ఎట్లు పొరతో చుట్టి వేరుపరచునో, ఆ లోహమును అట్లే వేరుపరచినది.

ఈ పొర లేకుండ ఎముక నేరుగా లోహమును పట్టుకొనగలదని కనుగొన్నది స్వీడన్ దేశస్థుడైన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929–2014). ఆయన దంతవైద్యుడు కాడు. 1950ల ఆరంభమున కుందేళ్ళ కాలి ఎముకలో రక్తప్రసరణను పరిశీలించుటకై టైటానియంతో చేసిన చిన్న గూడులను అమర్చెను. పరిశోధన ముగిసిన పిదప వానిని తీయబోగా రాలేదు. ఎముక వానితో ఏకమైయుండెను. చిరాకుపడి విడువవలసిన ఆ సంగతిని ఆయన పట్టుకొనెను. 1965లో గోటెన్‌బర్గ్ నగరమున మొదటి రోగికి ఆ లోహపు మరలను దవడలో నాటెను. ఆ రోగి 2006లో మరణించువరకు, అనగా నలువది సంవత్సరములకు పైగా, అవి పనిచేసినవి. ఎముకయు లోహమును ఈ విధముగా నడుమ పొర లేక కలియుటకు ఆస్సియోఇంటిగ్రేషన్ అని పేరు. మేము దీనిని అస్థిసంయోగమని వ్యవహరింతుము.

అస్థిసంయోగము ఎట్లు జరుగునో తెలిసినచో వైఫల్యము ఎట్లు కలుగునో చాలవరకు తెలిసినట్లే. మర దిగిన దినమున దానిని పట్టియుంచునది బిగువు మాత్రమే. దూలములో దిగిన మేకునకును దానికిని భేదము లేదు. ఆ బిగువునకు ఆధారమైన ఎముక అంచు త్రవ్వుడులో నలిగినది గనుక శరీరము దానిని క్రమముగా తినివేయును. తినివేసిన తావున క్రొత్త ఎముకను కట్టును. పాతది పోవుచు క్రొత్తది ఇంకను గట్టిపడని కాలమొకటి నడుమ వచ్చును. సుమారుగా రెండవ వారము మొదలు నాలుగవ వారము వరకు గల ఆ కాలమున మర పట్టు నాటిన దినముకంటె తక్కువగా ఉండును. నాటు మూన తిరుగుటకు ముందు వాడు దశ యిదియే. రోగికి ఆ సమయమున నొప్పి తగ్గియుండును, కుట్లు విప్పియుందురు, అంతయు నయమైనదని తోచును. సరిగా ఆ దినములలోనే ఆ ప్రక్కతో వక్కలు కొరుకుటయు, జంతికలు నములుటయు ఆరంభమగును.

కదలిక ఎంతవరకు ఓర్చుకొనవచ్చును? 0.1 మొదలు 0.15 మిల్లీమీటరు దాటిన కదలిక పదేపదే కలిగినచో ఎముకకు బదులు నారపొర పెరుగునని పరిశోధకులు చెప్పుచున్నారు. అది తలవెండ్రుకలు రెండింటి మందమునకు ఇంచుమించు సమానము. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కావుననే పూర్వము క్రింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఏ బరువును మోపక విడిచెడివారు. నేడు మర ఉపరితలమును గరుకుగా చేయు పద్ధతులు వచ్చి ఆ గడువు తగ్గినది. కొన్ని తావులలో అదే దినమున తాత్కాలికపు పన్ను పెట్టుటయు కలదు. అది తగిన ఎముక, తగిన బిగువు ఉన్నవారికి చెల్లును. అందరికిని చెల్లునని చెప్పు ప్రకటనలను మాత్రము మేము నమ్మజాలము.

వేడి మరొక కారణము. ఎముకలో రంధ్రము చేయు డ్రిల్లు తిరుగునపుడు వేడి పుట్టును. ఎరిక్‌సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అను వారు 1983లో కుందేళ్ళపై చేసిన ప్రయోగములందు, 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషము తగిలినను ఎముక దెబ్బతినునని తేలినది. నలువదియేడు డిగ్రీలనగా మన కోస్తాలోను రాయలసీమలోను వేసవి ఎండ అప్పుడప్పుడు చేరు మెట్టునకు దగ్గరిదే. అంతపాటి వేడికే ఎముకలోని జీవకణములు చచ్చునన్నమాట. అందుకే చల్లని ఉప్పునీటిని ధారగా పోయుచు, పదునైన డ్రిల్లుతో, ఆగి ఆగి త్రవ్వవలెను. మొద్దుబారిన డ్రిల్లు, తొందర, నీటిధార అందకపోవుట అను మూటిలో ఏది కలిగినను మర చుట్టు చచ్చిన ఎముక మిగులును. చచ్చిన ఎముక మరను పట్టదు. ఇది వైద్యుని చేతిలోని విషయము. పరిశుభ్రత లోపించి సూక్ష్మజీవులు గాయములో చేరుటయు అట్టిదే.

ఇక మడి సంగతి. అన్ని ఎముకలును ఒకటి కావు. లెఖోమ్, జార్బ్ అను వారు 1985లో దవడ ఎముకను నాలుగు తరగతులుగా విభజించిరి. మొదటిది ఇంచుమించు అంతయు గట్టి ఎముక. నాలుగవది పలుచని పెంకు క్రింద తేనెపట్టువలె బోలుగా ఉండునది. క్రింది దవడ ముందు భాగము గట్టిది. పై దవడ వెనుక భాగము తరచుగా నాలుగవ తరగతికి చెందును. దానికి పైన ముక్కు ప్రక్కనుండు గాలిగది యొకటి యుండుటచేత పొడవైన మరకు చోటును చాలదు. జాఫిన్, బెర్మన్ అను వైద్యులు 1991లో ప్రకటించిన లెక్క ప్రకారము మొదటి మూడు తరగతుల ఎముకలో నాటిన మరలలో నూటికి 3 పోగా, నాలుగవ తరగతిలో నూటికి 35 పోయినవి. అవి నున్నని మరలు వాడిన కాలపు లెక్కలు. నేటి గరుకు మరలతో అంత నష్టము లేదు గాని, మెత్తని నేలలో గుంజ నిలుపుట కష్టమను సూత్రము మారలేదు.

బ్రోనెమార్క్ బృందము 1981లో వెలువరించిన 15 సంవత్సరముల నివేదికలోను ఇదే విషయము కనబడును. 371 మంది రోగులకు 2,768 మరలను నాటిరి. పద్ధతి కుదుటపడిన తర్వాత నాటి, 5 మొదలు 9 సంవత్సరములు గమనించిన వానిలో క్రింది దవడలోనివి నూటికి 91, పై దవడలోనివి 81 నిలిచినవి. ఒకే బృందము, ఒకే లోహము, తేడా దవడలోనిది. మా ఉర్దూ పండితుల ప్రశ్నకు సగము సమాధానము మాకు ఇక్కడ దొరికినది. వారి క్రింది పన్ను గట్టి ఎముకలో నాటబడినది. పైది ముందు పన్ను. ఆ తావున పెదవి వైపు ఎముక సహజముగనే మిల్లీమీటరునకు లోపు పలుచన. పన్ను ఊడిన తర్వాత మొదట కరగిపోవునది ఆ గోడయే. వారి పన్ను ఊడి ఎనిమిది సంవత్సరములైనది. తక్కిన సగము సమాధానమును రెండవసారి చూచిన వైద్యుడు చెప్పెను. ముందు పన్ను లేక తరగతికి పోలేక వారు తీసి పెట్టుకొను ప్లాస్టిక్ పన్ను నొకదానిని వాడుచుండిరి. మాటకు మాత్రమే దానిని వాడవలెను, భోజనమునకు తీయవలెను అను సంగతి వారికి ఎవ్వరును గట్టిగా చెప్పలేదు. తిన్నప్పుడెల్ల ఆ పలక క్రింది మరను చిగురు మీదుగా నొక్కినది. సరకు, చేయి, నసీబు అను మూటికంటె ఇది చిన్న కారణముగా కనబడును. కాని పోయినది దీనివలననే.

శరీరముననుసరించి వచ్చు కారణములలో మధుమేహమును మొదట చెప్పవలెను. అదుపులో నున్న మధుమేహము ఈ చికిత్సకు అడ్డు కాదు. అదుపు తప్పినది మాత్రము గాయమును మాననీయదు, సూక్ష్మజీవులకు తావిచ్చును, చిగుళ్ళను చెరుపును. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష చేయింపకయే మర నాటుటకు సిద్ధమగువానిని రోగియే ఆపవలెను. తల, మెడ భాగములకు క్యాన్సరు కొరకు రేడియేషన్ చికిత్స పొందినవారి దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గియుండును. ఎముకలు గుల్లబారు వ్యాధికిని, ఎముకకు ప్రాకిన క్యాన్సరుకును ఇచ్చు బిస్ఫాస్ఫొనేట్ అను మందుల వలన కొందరికి దవడ ఎముక చచ్చిపోవుట కలదని 2003 నుండి వైద్యలోకము గుర్తించినది. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి ఏవో సూదులు వేయించుకొంటిమని చెప్పు మన యింటి పెద్దలు ఆ చీటీలను దంతవైద్యునికి తప్పక చూపవలెను. పంటికిని నడుమునకును సంబంధమేమి యని దాచరాదు.

పొగాకు విషయమున కొంచెము ఎక్కువగా వ్రాయుదుము, విద్యార్థులలో దీనిని చదువవలసినవారు ఉన్నారు గనుక. బెయిన్, మోయ్ అను వారు 1993లో 540 మంది రోగులకు నాటిన 2,194 మరలను లెక్కించిరి. పొగ త్రాగనివారిలో నూటికి 4.76 పోగా, త్రాగువారిలో 11.28 పోయినవి. అనగా రెట్టింపునకు పైగా. పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. గాయమునకు చేరవలసిన రక్తము చేరదు. పొగ త్రాగువాని చిగురు ఎఱ్ఱబడదు, సులభముగా రక్తము కారదు. కావున లోపల జబ్బు ముదిరినను పైకి ఆరోగ్యముగ కనబడి మోసపుచ్చును. నాటుటకు ఒక వారము ముందునుండి, నాటిన తర్వాత ఎనిమిది వారముల వరకు పొగ మానిన వారిలో వైఫల్యములు తగ్గినవని అదే బెయిన్ 1996లో తెలిపెను. గుట్కా, ఖైనీ నమలువారిది మరొక కష్టము. వారి నోరు క్రమముగా బిగిసి తెరువరాకపోవుట కలదు. వక్క నమలుటవలన వచ్చు ఆ జబ్బు ముదిరినవారికి డ్రిల్లు పెట్టుటకే చోటుండదు. నాటినను లోపల శుభ్రపరచుకొనుటకు వీలుండదు.

ఉత్తర కోస్తా జిల్లాలలో, ముఖ్యముగా శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతపు గ్రామములలో, వయసు మళ్ళిన స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగుట చాలకాలముగా ఉన్న అలవాటు. దానివలన అంగిలికి కలుగు హానినిగూర్చి ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 10,169 మందిని పరీక్షించి చేసిన అధ్యయనము 1971లో వెలువడినది. పొగయు నిప్పు వేడియు కలిసి తగులునది పై దవడకే. పై దవడయే నాటునకు బలహీనమైన నేల యని ఇంతకుముందే చెప్పితిమి. అట్టి అమ్మలకు పంటి సంగతి చూచుటకు ముందు అంగిలి పరీక్ష అవసరము.

ఇంతవరకు చెప్పినవి మొదటి నెలలలో కలుగు వైఫల్యములు. మూన తిరిగిన నాటు కోతవరకు నిలుచునని హామీ లేనట్లే, అస్థిసంయోగము జరిగిన మరయు ఐదేండ్లకో పదేండ్లకో పోవచ్చును. ఇక్కడ జనులలో గట్టిగా పాతుకొనిన భ్రమ యొకటి కలదు. లోహమునకు పుచ్చు పట్టదు గనుక దానికి సేవ అక్కరలేదని తలంచుట ఆ భ్రమ. పుచ్చు పట్టదనుట నిజమే. కాని మర నిలుచునది లోహము బలముచేత కాదు, చుట్టునున్న ఎముక బలముచేత. ఆ ఎముకను కాచునది చిగురు. చిగురు కాపలాలో సహజ దంతముకంటె నాటు దంతము బలహీనమైనది. ఈ మాట వినువారికి వింతగా తోచును గనుక కొంచెము వివరింతుము.

సహజ దంతము ఎముకలో నేరుగా ఇమిడియుండదు. వేరుకును ఎముకకును నడుమ మిల్లీమీటరులో ఐదవ వంతు మందము గల నారుల పట్టీ యొకటి యుండును. బియ్యములో రాయి తగిలినపుడు దవడ తటాలున ఆగుట ఈ పట్టీ చేసిన మేలు. అందులో స్పర్శ నాడులు కలవు, మెత్తగా అణగు గుణము కలదు. చిగురు నుండి వచ్చు నారులు పంటి వేరులోనికి అడ్డముగా చొచ్చి, త్రాళ్ళతో బిగించినట్లు బిగించియుండును. పాచిలోని సూక్ష్మజీవులు క్రిందికి దిగకుండ అవి అడ్డుగోడగా నిలుచును. నాటు దంతమునకు ఆ పట్టీ లేదు. చిగురు నారులు లోహములోనికి చొరలేవు. దాని ప్రక్కన నిలువుగా సాగి ఊరక ఆనుకొనియుండును. కావున పాచి పేరుకొన్నచో దిగుటకు దారి సులభము. మొదట చిగురు వాచి రక్తము కారును. ఈ దశలో శుభ్రపరచినచో మరల బాగగును. ఉపేక్షించినచో వాపు ఎముకను చేరును. ఎముక గిన్నె ఆకారముగా తరుగుట మొదలగును. మొదటి దశకు పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అనియు, రెండవదానికి పెరి-ఇంప్లాంటైటిస్ అనియు పేర్లు. రెండవ దశనుండి పూర్తిగా వెనుకకు తెచ్చుట నేటికిని కష్టసాధ్యమే. అన్నింటికంటె అపాయమేమనగా, నొప్పి యుండదు. సగము ఎముక పోయినను తొడుగు గట్టిగనే యుండును. కదలిన నాటికి చేయవలసినదేమియు మిగులదు.

చిగుళ్ళ జబ్బుతో తమ సొంత పండ్లను పోగొట్టుకొనినవారికి ఈ అపాయము ఎక్కువ. వారి నోటిలో అవే సూక్ష్మజీవులు, అవే అలవాట్లు ఉండును. పొలములో కలుపు తీయక క్రొత్త నారు తెచ్చి ఊడ్చిన ఫలమేమి? ముందు చిగుళ్ళ చికిత్స, పిదప నాటు. ఈ క్రమమును తలక్రిందులు చేయరాదు.

తొడుగును అంటించు సిమెంటు చిగురు క్రిందికి జారి మిగిలిపోవుటయు ఒక కారణము. విల్సన్ అను వైద్యుడు 2009లో సన్నని దర్శినితో జబ్బుపడిన తావులను చూడగా, నూటికి 81 తావులలో అట్టి సిమెంటు కనబడినది. ఆవగింజలో సగమంత యుండు ముక్క ఎముకను తినివేయుట చూచినచో, తొడుగు వేసిన దినమున ఎక్స్‌రే తీయుట ఎంత అవసరమో తెలియును. సిమెంటు లేక మరతోనే బిగించు తొడుగులును కలవు.

బరువు వలన కలుగు చిక్కులను క్లుప్తముగా చెప్పి విడుతుము. నిద్రలో పండ్లు కొరుకువారికి, కొద్ది మరలపై ఎక్కువ పండ్లను మోపినవారికి కంబపు మర వదులగుట, తొడుగు పగులుట తరచుగా జరుగును. టైటానియం మరయే విరుగుట అరుదు. మెత్తని పట్టీ లేనందున ఎంత గట్టిగా కొరుకుచున్నామో మనకే తెలియదు. అట్టివారికి రాత్రిపూట పెట్టుకొను రబ్బరు వంటి పలకను ఇత్తురు. వాడువారు తక్కువ.

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యని మన సామెత. నాటుకొనుటకు మాత్రము ఏ చేయియైన నేమి, ఏ ధరయైన నేమి యని అనరాదు. వెళ్ళినవారు కొన్ని ప్రశ్నలు అడుగుటకు సిగ్గుపడవలదు. ఎముక వెడల్పును గూడ చూపు సి.బి.సి.టి. చిత్రము తీసిరా? తీసినచో ఎముక ఎంత యున్నది? మొదటి దినమున బిగువు చాలకపోయినచో ఏమి చేయుదురు? నా చిగుళ్ళకు జబ్బు కలదా? ఏడాదికి ఎన్నిసార్లు చూపించుకొనవలెను, ఆ ఖర్చు ఎంత? చెప్పిన ధరలో తొడుగు చేరియున్నదా? ఈ చివరి ప్రశ్నను విడిచినవారు నడుమ సొమ్ము చాలక, మర నాటించుకొని తొడుగు లేక సంవత్సరముల తరబడి ఉండుట మేమెరుగుదుము. సొమ్ము చాలనివారికి వంతెన పన్ను, తీసి పెట్టుకొను కట్టుడు పన్ను నేటికిని గౌరవమైన మార్గములే. నాటు లేనిదే నోరు లేదని ఎవరైన భయపెట్టినచో రెండవ వైద్యుని అడుగవలెను.

నాటిన తర్వాతి సేవ కష్టమైనది కాదు. వేపపుల్లయైనను మిస్వాకైనను పంటి ముఖమును శుభ్రపరచును గాని, తొడుగు క్రింద చిగురు కలియు సందును చేరలేదు. అక్కడికి మెత్తని బ్రష్షును, సందులలో దూరు చిన్న బ్రష్షును వాడవలెను. ఆరు నెలలకొకసారి, చిగుళ్ళ జబ్బు ఉన్నవారు మూడు నెలలకొకసారి, చూపించుకొనవలెను. చిగురునుండి రక్తము కారినచో నొప్పి లేదని ఆగరాదు.

మొదటిది పోయినంత మాత్రమున మార్గము మూసికొనిపోదు. మరను తీసి, గాయమును మాననిచ్చి, కొన్ని నెలల తర్వాత, అవసరమైనచో ఎముక పొడి చేర్చి, రెండవసారి నాటవచ్చును. మొదటిదానికంటె రెండవదానికి వైఫల్యపు అవకాశము కొంత ఎక్కువ గనుక, మొదటిది ఏల పోయినదో తేలకుండ రెండవదానికి తొందరపడరాదు. మా పండితులు ప్లాస్టిక్ పన్ను మార్చించి, ఏడు నెలలు ఆగి, మరల నాటించుకొనిరి. అది ఇప్పటికి మూడవ సంవత్సరము నడచుచున్నది. వారి సకారములు ఎప్పటివలె వినబడుచున్నవి.

చివరిగా ఒక చిన్న విషయము. మరలు చేయు సంస్థలు పెక్కు కలవు. ఒక సంస్థ మరకు మరొక సంస్థ కంబము తరచుగా సరిపడదు. ఊరు మారినను, వైద్యుడు మారినను, పదేండ్ల తర్వాత కంబము వదులైనను, ఏ సంస్థ మర, ఎంత పొడవు, ఎంత మందము, ఏ తేదీన నాటిరి అను వివరములు లేనిచో క్రొత్త వైద్యునికి చీకటిలో వెదకినట్లగును. ఈ వివరములు గల చీటీని, మర పెట్టెపైని అంటు కాగితముతో సహా, నాటిన దినముననే అడిగి తీసికొని రేషను కార్డు, భూమి పత్రములు ఉంచుచోటనే ఉంచవలెను.